డేటాకు కాపలా ఢిల్లీదా, రాష్ట్రానిదా: సరిహద్దు జనానికి ఏది మేలు?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దునున్న మా సిరొంచ వాళ్ల వివరాలు ఒక్క రాష్ట్రం దగ్గరే ఉండవు. రేషన్ కార్డు, సాత్‌బారా (పొలం రికార్డు), కులం సర్టిఫికెట్ మహారాష్ట్రవి. పెద్ద జబ్బు చేస్తే గోదావరి వంతెన దాటి వరంగల్ పోతాం కాబట్టి స్కానింగులు, రిపోర్టులు తెలంగాణలో. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో వ్యవహారం ఇంకా ముదిరింది. రెండు రాష్ట్రాలూ మావేనంటున్న 14 ఊళ్లలో చాలామందికి రెండు వైపులా రేషన్ కార్డులు, ఓటరు కార్డులు ఉన్నాయి. ఒకే ఇంటి గుట్టు రెండు ప్రభుత్వాల సర్వర్లలో ఉందన్నమాట. మరి దాన్ని కాపాడే చట్టం ఢిల్లీ చేయాలా, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చేసుకోవాలా?

ప్రమాణాలు ఎవరు పెట్టాలన్న దాంట్లో నాకు పెద్ద సందేహం లేదు, ఢిల్లీయే. ఎన్‌క్రిప్షన్, అంటే తాళం ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేకుండా వివరాలను మార్చి దాచడం; దాని పద్ధతులు నిర్ణయించే అధికారాన్ని ఐటీ చట్టంలోని 84ఏ సెక్షన్ ఎప్పుడో కేంద్రానికి ఇచ్చింది. 2023 డేటా రక్షణ చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నియమాలు ఇంకొంచెం తేటగా ఉన్నాయి. ఎన్‌క్రిప్షన్, మాస్కింగ్ (వివరాల్లో కొంత కనపడకుండా కప్పేయడం) లాంటి జాగ్రత్తలు తీసుకోవాలి, లీకైతే కేంద్రం పెట్టే డేటా రక్షణ బోర్డుకూ బాధితులకూ చెప్పాలి. జాగ్రత్తలు పాటించని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. వరంగల్ ఆసుపత్రికీ చంద్రపూర్ ల్యాబుకూ ఒకే కొలత.

ఇందులో పెద్దగా ఎవరూ పట్టించుకోని మేలు ఒకటుంది. మన వివరాలు తీసుకునేముందు ఇచ్చే నోటీసును ఇంగ్లిషులోనే కాదు, రాజ్యాంగం 8వ షెడ్యూల్లోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలంటోంది ఈ చట్టం. అందులో తెలుగు ఉంది. మరాఠీ బడిలో చదవని మా అమ్మ వయసు వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ముంబైలో చేసిన చట్టమైతే మరాఠీతో ఆగేది, భువనేశ్వర్‌లో చేస్తే ఒడియాతో. రాయగడ, పర్లాకిమిడి తెలుగువాళ్లకూ ఇదే లెక్క.

రాష్ట్రాలకు చేతకాదని కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2010 మార్చి నుంచే, తన ప్రజల వివరాలున్న ల్యాప్‌టాప్‌లను ఎన్‌క్రిప్ట్ చేయాల్సిందేనని నియమం పెట్టింది. అదే దేశంలో 2016లో కాలిఫోర్నియా, న్యూయార్క్ చట్టసభల ముందుకు దానికి నేరుగా ఎదురైన బిల్లులు వచ్చాయి: పోలీసులు అడిగితే తెరవగలిగే ఫోన్లనే అమ్మాలని. అవి పాస్ కాలేదు, వేరే సంగతి. అలాంటిది ఇక్కడ ఒక రాష్ట్రం తెచ్చిందనుకోండి, మంచిర్యాలలో కొన్న ఫోను సిరొంచలో నేరమవుతుందా?

ఢిల్లీని గుడ్డిగా నమ్మమనీ అనను. 2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా బయటపెట్టింది. ఎన్‌క్రిప్ట్ అయ్యే సందేశాలకు ఎన్‌క్రిప్ట్ చేయని కాపీని మామూలు జనం కూడా 90 రోజులు దాచాలట! గోల లేచాక వెంటనే వెనక్కి తీసుకున్నారు గానీ, కేంద్రం తప్పు చేస్తే పక్క రాష్ట్రానికి పోయి తప్పించుకునే దారి ఉండదని అప్పుడు తెలిసింది.

అసలు చిక్కు నష్టపరిహారం దగ్గర. ఐటీ చట్టం 43ఏ ప్రకారం, కంపెనీ నిర్లక్ష్యం వల్ల వివరాలు బయటపడి నష్టపోతే మనం డబ్బు అడగొచ్చు. 5 కోట్ల దాకా అయితే విచారించేది ఆ రాష్ట్ర ఐటీ కార్యదర్శి. ఇది ఉత్తుత్తి అధికారం కాదు. 2013లో మహారాష్ట్ర ఐటీ కార్యదర్శి, ఖాతాలోంచి 80 లక్షలు పోగొట్టుకున్న పుణె వ్యాపారికి 45 లక్షలు కట్టమని బ్యాంకును ఆదేశించారు. కొత్త చట్టం ఈ 43ఏను తీసేస్తోంది, 2027 మేలో అది అమలవుతుంది. ఆ తర్వాత ఫిర్యాదు కేంద్రం బోర్డుకు. బోర్డు వేసే జరిమానా మాత్రం భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు పోతుంది. పోగొట్టుకున్నవాడికి అందులోంచి పైసా రాదు. 250 కోట్లని చదివి సంబరపడేవాళ్లకు ఈ ముక్క తెలియదనుకుంటా. పాత పద్ధతిలో కార్యదర్శి ముంబైలో ఉంటారు, గడ్చిరోలి నుంచి అది దగ్గరేం కాదు. అయినా అక్కడ డబ్బు వచ్చే అవకాశం ఉండేది.

ఎన్‌క్రిప్షన్ విప్పించే అధికారం మాత్రం ఇప్పటికే ఇద్దరి చేతిలో ఉంది. ఐటీ చట్టం 69 సెక్షన్ కింద కేంద్ర హోం కార్యదర్శీ ఆదేశించొచ్చు, రాష్ట్ర హోం కార్యదర్శీ ఆదేశించొచ్చు. సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. పోలీసు రాష్ట్ర విషయం కాబట్టి ఇలా పెట్టారు. కానీ రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ పేరున్న జివతి మనిషి మీద ఇటు ముంబై, అటు హైదరాబాద్, పైన ఢిల్లీ, మూడు కళ్లు పడొచ్చు. ఈ ఒక్కచోట రెండో కాపలాదారు వల్ల నాకు ధీమా కంటే టెన్షనే ఎక్కువ. జడ్జి సంతకం లేకుండా ఎవరికీ ఈ అధికారం ఉండకూడదంటాను.

నన్నడిగితే, ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిగా ఉండాలో ఢిల్లీ చెప్పాలి. నష్టపోయినవాడి మాట వినే అధికారి మాత్రం రాష్ట్రంలోనే, వీలైతే జిల్లా కేంద్రంలో ఉండాలి, బోర్డు జరిమానాలో బాధితుడికి వాటా ఇప్పించాలి. దీనికి పార్లమెంటు చట్టాన్ని సవరించాలి, 2027 మే లోపలైతే 43ఏ పోకుండానే ఆపొచ్చు.