ఇనోటుజుమాబా, బ్లినాటుమోమాబా?

బి-సెల్ ల్యుకేమియా (బి-కణాల్లో పుట్టే ఒక రక్త క్యాన్సర్) తిరగబెట్టి నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చే మనవాళ్లకు డాక్టర్లు ఒక్కోసారి ఈ రెండు పేర్లూ చెబుతారు. రెండూ యాంటీబాడీలే (ఒక గురిని వెతికి పట్టుకునే ప్రోటీన్లు), పని చేసే తీరు వేరు.

ఇనోటుజుమాబ్‌కు అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. ఇది విషాన్ని మోసుకెళ్తుంది. క్యాన్సర్ కణం మీది సిడి22 అనే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి చేరి, డీఎన్ఏను తెంచే మందును అక్కడే వదులుతుంది. వారానికోసారి, గంటసేపు ఎక్కిస్తారు. ఒంట్లో బాగుంటే మధ్యలో ఊరెళ్లి రావచ్చు.

2014లో వచ్చిన బ్లినాటుమోమాబ్ మందేమీ మోయదు. ఒక చేత్తో క్యాన్సర్ కణం మీది సిడి19 అనే ప్రోటీన్‌ను, రెండో చేత్తో మన టీ-కణాన్ని (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణం) పట్టుకుని ఒకచోటికి తెస్తుంది. చంపేది మన టీ-కణమే. రక్తంలో కొద్ది గంటలే నిలుస్తుంది కాబట్టి పంపుతో 28 రోజులు ఆగకుండా ఎక్కాలి. ఆ రోజుల్లో పంపు సంచి భుజానే ఉంటుంది, స్నానం దగ్గర్నుంచి అన్నీ దాన్ని చూసుకునే. మెదడు మీద ప్రభావం కనిపెట్టడానికి రోగి చేత రోజూ ఒక వాక్యం రాయించడం చాలాచోట్ల ఉంది. తెలుగులో రాయనివ్వమని అడగండి. దస్తూరీ మారితే ఇంటివాళ్లే ముందు గుర్తుపడతారు.

మూలకణ మార్పిడికి (రక్తాన్ని తయారుచేసే కణాలను కొత్తగా ఎక్కించే చికిత్స) వెళ్లేవాళ్లయితే నా మొగ్గు బ్లినాటుమోమాబ్ వైపే. ఇనోటుజుమాబ్ తర్వాత మార్పిడి చేస్తే కాలేయంలో సన్నటి రక్తనాళాలు మూసుకుపోయే ముప్పు పెరుగుతుంది. కానీ ఎముక మజ్జ నిండా జబ్బు కణాలుంటే బ్లినాటుమోమాబ్ అంత బాగా పనిచేయదు, అప్పుడు ఇనోటుజుమాబే ముందు అడగదగ్గది.