ఫ్రారీ చర్చిలో టిషియన్ చిత్రాలు రెండు: ఏది మేలు?

ఇటలీలోని వెనిస్‌లో, ఫ్రారీ చర్చిలో 16వ శతాబ్దపు చిత్రకారుడు టిషియన్ గీసిన రెండు గొప్ప పీఠచిత్రాలు (బలిపీఠాల మీద పెట్టే బొమ్మలు) ఉన్నాయి. ప్రధాన బలిపీఠం మీద 1518 నాటి ‘మరియమాత మోక్షారోపణం’ (మరియమాత స్వర్గానికి వెళ్లే ఘట్టం), ఎడమ గోడ పీఠం మీద 1526 నాటి ‘పెసారో మడోన్నా’ (మడోన్నా అంటే మరియమాతే). పేరంతా మొదటిదానికే వచ్చింది. నా ఓటు మాత్రం రెండోదానికి.

మోక్షారోపణం దాదాపు ఏడు మీటర్ల ఎత్తు. వెనక గోతిక్ కిటికీల వెలుతురు కళ్లలోకి కొడుతుంది. దానికి తట్టుకుని నిలబడగల ఎరుపు, బంగారు రంగులు అందులో ఉన్నాయి. అయినా మొదట్లో మెచ్చుకోళ్లు అంత సులువుగా రాలేదు. కింద అపొస్తలులు (యేసు శిష్యులు) మరీ పెద్దగా ఉన్నారని మఠవాసులే గొణిగారని 17వ శతాబ్దంలో చిత్రకారుల జీవితకథలు రాసిన రిడోల్ఫి చెప్పాడు. ఇక అంతకుముందు, 16వ శతాబ్దంలోనే కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారికైతే అది సరిగ్గా కనిపించనే లేదు. చెక్కపలకల మీద వేసిన బొమ్మని కాన్వాసు అనుకున్నాడు! 19వ శతాబ్దం తొలినాళ్లలో దాన్ని వెనిస్‌లోనే ఉన్న అకాడెమియా మ్యూజియానికి తరలించి, శుభ్రం చేసి, మంచి వెలుతురులో పెట్టాక ఆ శతాబ్దపు యాత్రికులు ఎగబడ్డారు. చర్చికి తిరిగొచ్చింది 1919లోనే.

పెసారో మడోన్నా అలా మరోచోట రాణించే బొమ్మ కాదు. ప్రధాన ద్వారం నుంచి నడిచొచ్చేవాడికి అది ముందు ఏటవాలుగా కనిపిస్తుంది. ఆ చూపుకి తగ్గట్టే టిషియన్ మరియమాతని మధ్యలోంచి తీసి కుడివైపు, ఎత్తులో కూర్చోబెట్టాడు. అప్పటి పద్ధతికి అది పెద్ద తెగింపు. మనం వచ్చే వైపే, ఎడమ పక్కన, చిత్రం వేయించిన బిషప్ జాకొపో పెసారో మోకరిల్లి ఉంటాడు. 1502లో తురుష్కుల మీద గెలిచిన పోప్ నౌకాదళానికి ఆయనే నాయకుడు. అందుకే వెనక జెండా, తలపాగాతో బందీ. మెట్టు మీద యేసు శిష్యుడు పేతురు గుర్తయిన తాళంచెవి పడి ఉంటుంది, చూడకుండా దాటిపోకండి. కుడి మూల పెసారో కుటుంబంలోని కుర్రాడొకడు ప్రార్థన మానేసి నేరుగా మనవైపే చూస్తాడు. అంత పెద్ద బొమ్మనీ ఆ ఒక్క చూపు మన దగ్గరకు తెచ్చేస్తుంది.

తర్వాతి తరాల చిత్రకారులు పీఠచిత్రాల్లో మరియమాతని పక్కకి జరిపే ధైర్యం నేర్చుకున్నది ఎక్కువగా దీన్నుంచే. ఒక్క రంగు కోసమే వెళ్తే మాత్రం నా మాట పక్కన పెట్టి ముందు మోక్షారోపణం దగ్గరకే వెళ్లండి. 2022లో పునరుద్ధరణ పూర్తయ్యాక ఆ ఎరుపు మళ్లీ తేటపడింది.