ఇరుకు రూట్‌లో మెకానికల్ వాల్వ్: పెట్టె మీది అంకె, లోపలి దారి

గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని మొదలు (రూట్) ఇరుకుగా ఉన్న రోగులకు మెకానికల్ వాల్వులు, అంటే కార్బన్‌తో చేసిన కృత్రిమ కవాటాలు, అమర్చడంలో ఇరవై ఏళ్లకు పైగా గడిపిన సర్జన్‌గా ముందు చెప్పవలసింది ఒకటే: పెట్టె మీది అంకెను, అంటే మిల్లీమీటర్లలో రాసిన వాల్వ్ సైజును, నమ్మకూడదు. సెయింట్ జూడ్ పాత నమూనా 19లో రక్తం సాగే దారి ఇంచుమించు 1 చదరపు సెంటీమీటరే. కుట్టు రింగును పైకి జరిపి కార్బన్ చట్రాన్ని వెడల్పు చేసిన అదే కంపెనీ కొత్త నమూనా రీజెంట్ 19లో అది 1.6 దగ్గర ఉంటుంది. మరో తయారీ అయిన ఆన్-ఎక్స్ 19ది 1.5 దగ్గర.

ఈ దారి శరీర ఉపరితల వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకూ 0.85 చదరపు సెంటీమీటర్ల కన్నా తగ్గితే వాల్వ్ రోగికి చాలనట్టే లెక్క, 0.65 కన్నా తగ్గితే తీవ్రమైన లోపం. ఆ లెక్కన 1.4 చదరపు మీటర్ల స్త్రీకి 1.19 సరిపోతుంది గానీ, 1.8 ఉన్న పురుషుడికి 1.53 కావాలి. తొలినాళ్లలో ఈ గుణకారం చేయకుండా, దృఢకాయుడైన ఒకాయనకు సైజర్ (కొలత పరికరం) పట్టిన 19నే కుట్టి బయటపడ్డాను. ఏడాది తిరిగినా ఆయన ఆయాసం తగ్గలేదు, గుండె కండరం మందమూ తగ్గలేదు. తప్పు వాల్వుది కాదు, నాది.

ఇప్పుడు ఎక్కువగా రీజెంటే వాడుతున్నాను. ఎత్తు తక్కువ, కుట్టాక కూడా తిప్పుకోవచ్చు. అయితే గుండెకే రక్తం ఇచ్చే కరోనరీ ధమనుల రంధ్రాలు మరీ కిందికి ఉన్నప్పుడు రింగు అడ్డుపడకుండా చూసుకోవాలి. ఆన్-ఎక్స్ పొడవైనది, దాని విప్పారిన కింది అంచు పెరిగే కణజాలాన్ని రెక్కలకు దూరంగా ఉంచుతుంది, కానీ లోపలి సెప్టమ్ (గుండె గదుల మధ్య గోడ) దళసరిగా ఉన్నచోట కూర్చోబెట్టడానికి ఓపిక కావాలి. ఈ వాల్వ్ అమర్చిన మూడు నెలల తర్వాత, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు మోతాదును చూపే ఐఎన్‌ఆర్‌ పరీక్ష అంకెను, ఆస్పిరిన్‌తో కలిపి 1.5–2.0 మధ్య ఉంచవచ్చని 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. నెలనెలా పరీక్షకు రాలేని పల్లె రోగి విషయంలో ఆ వెసులుబాటును నేను వాడుకోను, ఎందుకంటే 1.5 కన్నా కిందికి జారితే రక్తం గడ్డకట్టకుండా కాపాడే మిగులు ఏమీ ఉండదు. 1990లో తిరువనంతపురంలో తొలిసారి అమర్చిన చిత్రా వాల్వ్ ఒకే పళ్లెం తిరిగేది, ఖర్చులో తేలిక. ఇరుకు రూట్‌లో దాని పెద్ద సందు ఎటు తిరిగిందన్నదే కీలకం.

ఏ నమూనా అయినా లెక్కకు అందకపోతే, నిక్స్ లేదా మనుగియన్ అనే శస్త్రచికిత్స పద్ధతిలో అతుకు వేసి రూట్‌ను వెడల్పు చేస్తాను. అదనపు సమయానికి ఒకప్పుడు జంకేవాణ్ణి. ఇప్పుడు జంకడం లేదు.

ఒక హెచ్చరిక. రెండు రెక్కల చిన్న వాల్వుల్లో నడిమి సందు గుండా రక్తం వేగంగా దూకుతుంది కనుక, ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) గ్రేడియెంట్, అంటే వాల్వ్‌కు ఇరువైపులా ఒత్తిడి తేడా, ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. ఆ కాగితం చూసి భయపడి వచ్చినవారికి ముందుగా ఫ్లోరోస్కోపీలో (కదిలే ఎక్స్-రేలో) రెక్కల కదలిక చూస్తాను. అవి పూర్తిగా తెరుచుకుంటూ, అంకె ఆపరేషన్ తర్వాతి తొలి ఎకోలో ఉన్నంతే ఉంటే, మందు మార్చకుండా ఇంటికి పంపుతాను. ఆ తొలి ఎకో కాగితాన్ని పారేయవద్దని డిశ్చార్జి రోజునే చెబుతాను.