ఎగ్ ఎలక్ట్రిక్: ఇంటికి ఐదు కిలోవాట్లు, అంతే

ఎగ్ ఎలక్ట్రిక్ అంటే ఎగ్ అనే చిన్న ద్వీపం సొంతంగా పెట్టుకున్న కరెంటు వ్యవస్థ. దానికి మార్కులు ముందే చెప్పేస్తాం: ఐదుకు నాలుగు. ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో తర్వాత చూద్దాం.

స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల ఉన్న ఎగ్ ద్వీపానికి గ్రిడ్ కరెంటు ఎప్పుడూ రాలేదు. విస్తీర్ణం 31 చదరపు కిలోమీటర్లు, జనం వందకు కాస్త అటూ ఇటూ. 2008 దాకా చాలామందికి డీజిల్ జనరేటరే దిక్కు. ఫ్రిజ్ రాత్రంతా నడవాలంటే జనరేటరూ రాత్రంతా మోగాల్సిందే. సముద్రం అడుగున కేబుల్ వేయిద్దామంటే ఖర్చు తలకు మించినది. దాంతో 1997లో తమ ద్వీపాన్ని ట్రస్టు పెట్టి కొనుక్కున్న ఊరివాళ్లు గ్రాంట్లు, లాటరీ నిధులు, సొంత డబ్బు కలిపి దాదాపు 16 లక్షల పౌండ్లతో కరెంటు కూడా తామే పెట్టుకున్నారు. 2008 ఫిబ్రవరి 1న సరఫరా మొదలైంది.

కరెంటు నీరు, గాలి, ఎండ మూడింటి నుంచీ వస్తుంది. అసలు బరువు మోసేది లైగ్ దగ్గరి 100 కిలోవాట్ల జలవిద్యుత్ టర్బైన్. డ్యామ్ లేదు, వాగు నీళ్లను పైన మళ్లించి గొట్టంలో కిందికి దించి, మళ్లీ వాగులోకే వదిలేస్తారు. ఇంకో రెండు చోట్ల ఐదారు కిలోవాట్ల చిన్న టర్బైన్లున్నాయి. ఆరేసి కిలోవాట్ల గాలిమరలు నాలుగు. సోలార్ మొదట్లో 10 కిలోవాట్లే, తర్వాత 50 దాకా పెంచారు. ఇవేవీ సరిపోని రోజుల కోసం రెండు డీజిల్ జనరేటర్లు. ఏడాది మొత్తం మీద వాడే కరెంటులో తొంభై శాతానికి పైనే నీరు, గాలి, ఎండల నుంచి వస్తుంది. ఇళ్లకు లైన్లు దాదాపు 11 కిలోమీటర్లు, అన్నీ భూమిలోనే. అట్లాంటిక్ గాలివానలకు స్తంభాలు నిలబడటం కష్టం కాబట్టి ఈ ఖర్చు దండగ కాదు.

ఈ సరుకంతా డబ్బుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎగ్ ప్రత్యేకత మీటరు దగ్గరుంది. ఏ ఇల్లయినా ఒకేసారి ఐదు కిలోవాట్లకు మించి లాగకూడదు. దుకాణాలకు, వ్యాపారాలకు పది. దాటితే ఆ ఇంటికి కరెంటు ఆగిపోతుంది. మళ్లీ కావాలంటే నిర్వహణ బృందంలో ఒకరు వచ్చి వేయాలి, అందుకు రుసుము కట్టాలి. మన దగ్గర శాంక్షన్డ్ లోడు, అంటే కనెక్షన్‌కు మంజూరైన పరిమితి, కాగితం మీద ఉంటుంది. రెండు కిలోవాట్లు రాయించుకుని రెండు ఏసీలు నడిపే ఇళ్లు వీధికి పది. అక్కడ ఆ అంకె నిజంగా అమలవుతుంది.

ఐదు కిలోవాట్లలో సంసారం ఎలా? టీ నీళ్లు కాచే కెటిల్ రెండున్నర నుంచి మూడు కిలోవాట్లు. బట్టల మిషన్ నీళ్లు వేడిచేసే దశలో రెండు. ఈ రెండూ ఒకేసారి నడిస్తే గీత మీద ఉన్నట్టే. పైన ఓవెన్ వేశారా, చీకటి. బ్రిటన్ ఇళ్లలో మామూలుగా ఉండే ఎలక్ట్రిక్ షవర్ ఒక్కటే ఎనిమిది కిలోవాట్ల పైచిలుకు కాబట్టి ఆ మాటే లేదు. అందుకే ప్రతి ఇంట్లో ఆ క్షణాన ఎంత లాగుతున్నారో చూపే చిన్న డిస్‌ప్లే పెట్టారు. పని మానేయక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి చేసుకోవాలి.

ఈ కట్టుబాటే బ్యాటరీల ఖర్చు తగ్గించింది. కంట్రోల్ భవనంలో 48 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ వరుసలు, వాటికి ఐదేసి కిలోవాట్ల ఎస్‌ఎంఏ కంపెనీ ఇన్వర్టర్లు 12 బిగించారు. ఫేజుకొకటి లెక్కన గుంపుకు మూడు, అలాంటి గుంపులు నాలుగు. అంటే 60 కిలోవాట్లు. ఊళ్లోని ఇళ్లన్నీ ఒకేసారి ఐదేసి లాగితే దీనికి మూడు రెట్లు దాటుతుంది. కానీ అందరి కెటిళ్లూ ఒకే నిమిషంలో కాగవు, పైగా హైడ్రో కరెంటు నేరుగా లైన్లోకే వెళ్తుంది. ఇన్వర్టర్లు పూడ్చాల్సింది మిగిలిన తేడానే.

బ్యాటరీలు నిండాక ఏమవుతుందన్నది ఇంకా ముచ్చటైన విషయం. ఇన్వర్టర్లు లైన్ ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు తిరుగుతుందన్న అంకెను, 50 హెర్ట్జ్ నుంచి కొద్దిగా పైకి జరుపుతాయి. వేరే సమాచార తీగ అక్కర్లేదు, ఆ పెరుగుదలే సంకేతం. దాన్ని చూసి కమ్యూనిటీ హాలు, చర్చిల్లాంటి చోట్ల హీటర్లు వాటంతటవే వెలుగుతాయి. ఇంకా మిగిలితే సోలార్ ఇన్వర్టర్లు తమ ఉత్పత్తి తగ్గించుకుంటాయి. పారబోయాల్సిన కరెంటుతో ఊరి హాలు వెచ్చబడుతుంది.

తేడా కొట్టే చోట్లూ ఉన్నాయి. చలికాలం వానా గాలీ పుష్కలం, ఎండ నామమాత్రం. వేసవిలో ఎండ ఉంటుంది, వాగు సన్నబడుతుంది. ఇబ్బందల్లా వసంతం చివర్లో వానలు ముఖం చాటేసి గాలి కూడా పడిపోయిన వారాల్లోనే. అప్పుడు డీజిల్ తప్పదు. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి తరచూ దించితే ప్లేట్లకు సల్ఫేట్ పట్టి ఆయుష్షు పోతుంది. కాబట్టి ఇలాంటి వ్యవస్థల్లో జనరేటర్‌ని కాస్త ముందే మొదలెట్టడం పొదుపే. వాగు నీళ్లు తీసుకునే చోట జల్లెడకు ఆకులు, చెత్త అడ్డుపడితే టర్బైన్ నీరసిస్తుంది, ఎవరో ఒకరు వెళ్లి తీయాలి. గాలిమరలు చేసిన ప్రొవెన్ కంపెనీ 2011లో దివాలా తీసింది, వ్యాపారం వేరే చేతికి మారింది. ద్వీపానికి యంత్రం కొనేటప్పుడు దాని విడిభాగాలు పదేళ్ల తర్వాత ఎవరిస్తారన్నది ధర కంటే ముందు అడగాలి.

కోసిన మార్కు సంగతి. పునరుత్పాదక ద్వీపం అన్న పేరు కరెంటు వరకే నిజం. ఐదు కిలోవాట్లతో స్కాట్లాండ్ చలికి ఇల్లు వేడెక్కదు. కట్టెలు, బొగ్గు, గ్యాస్ ఇంకా కాలుతున్నాయి. పడవలకూ కార్లకూ చమురే.

పోలికకు అమెరికన్ సమోవాలోని టౌ ద్వీపం ఉంది. అక్కడ 1.4 మెగావాట్ల సోలార్, టెస్లా కంపెనీ పెద్ద బ్యాటరీలైన పవర్‌ప్యాక్‌లు 60, వాటిలో 6 మెగావాట్ అవర్ల నిల్వ. మూడు రోజులు సూర్యుడు కనబడకపోయినా నడిచేలా కట్టారు. అంత నిల్వ ఎందుకంటే రెండో వనరు లేదు కాబట్టి. పగడపు దిబ్బలైన మన లక్షద్వీప్‌లోనూ వాగులు లేవు. అక్కడికి టౌ దారే గతి, ఎగ్ నమూనా అతకదు.

అతికేది తూర్పు కనుమల ఏజెన్సీ గూడేలకు. లెక్క తేలికే: 50 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 20 లీటర్లు దిగితే, టర్బైన్, గొట్టం నష్టాలు పోను సుమారు ఆరు కిలోవాట్లు వస్తుంది. ఎగ్‌లోని చిన్న టర్బైన్ ఒక్కొక్కటీ దాదాపు అంతే. వానాకాలం వాగు, ఎండాకాలం సోలార్ ఇక్కడా జతకుదురుతాయి. కాకపోతే వాగు కొలత ఏప్రిల్, మే నెలల్లోనే తీయాలి. ఆగస్టు ప్రవాహం చూసి టర్బైన్ కొంటే సంక్రాంతి దాటాక అది షెడ్డులో ఖాళీగా కూర్చుంటుంది.