బరకమా, ఆకుల గూడా? కొండ మీద రాత్రి చిక్కుకుంటే ఏది మేలు

చలి మొదలైతే చాలు, లంబసింగి, చింతపల్లి కొండలెక్కేవాళ్ళు ఒకటే అడుగుతారు: దారి తప్పి చీకటి పడితే బరకం (టార్పాలిన్) కట్టుకోవాలా, కొమ్మలూ ఆకులతో గూడు వేసుకోవాలా అని. మొన్న డిసెంబరులో ఆ అవసరం నాకే పడింది.

ఆకుల గూడును తక్కువ చేయను. సరిగ్గా కుదిరితే ఒంటి వేడిని ఆపడంలో ప్లాస్టిక్ దాని ముందు నిలవదు. కానీ వాన కారకుండా ఉండాలంటే పైన 2 అడుగుల మందాన ఆకు పడాలి. వెన్నుకర్ర ఆనించి, పక్క పుల్లలు వాల్చి, అంత ఆకు పోగేసేసరికి ఒక్క మనిషికి 3 గంటలు దాటుతుంది. అక్కడ డిసెంబరులో 5.30 కల్లా పొద్దు గూకుతుంది. పైగా ఆ పనికి చెమట పడుతుంది. తడి బట్టతో చలిలో పడుకోవడం ప్రాణం మీదికే వస్తుంది.

8x6 అడుగుల బరకం, 120 జీఎస్‌ఎంది (చదరపు మీటరుకు 120 గ్రాములు), అరకిలో తూగుతుంది. రెండు చెట్లకు నడుము కంటే కిందగా తాడు లాగి, గాలి కొట్టే వైపు అంచును నేలదాకా దించి రాళ్ళు పెడితే పావుగంటలో పని అయిపోతుంది.

ఇన్ని చెప్పినా, రాత్రి గడుస్తుందా లేదా తేల్చేది కప్పు కాదు, వీపు కింద ఉన్న నేల. ఆ రాత్రి బరకం బాగానే కట్టాను, మంచు లోపలికి రాలేదు. ఒట్టి నేల మీద ఒరిగానంతే. గంట తిరక్కుండానే తుంటి, భుజం, నేలకు ఆనిన చోటల్లా మొద్దుబారి, దవడలు టకటకా కొట్టుకున్నాయి. లేచి టార్చి పట్టుకుని, తేళ్ళుంటాయని కర్రతో కదిలిస్తూ, ఎండాకు మోకాలెత్తున పోశాను. పడుకుంటే బెత్తెడుకు అణిగింది. మళ్ళీ పోశాను. అణిగాక జానెడు మిగిలినప్పుడు ఒణుకు ఆగింది. ఆకుల మధ్య చిక్కిన గాలే మనకు దుప్పటి. అందుకే నా ఓటు బరకానికి: కప్పు పని పావుగంటలో ముగించి, మిగిలిన వెలుతురంతా పరుపుకి ఇస్తుంది.

చోటు కూడా చూసుకోవాలి. చల్లగాలి బరువు, పల్లానికి దిగి అక్కడే నిలుస్తుంది. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, బయట పడుకుంటే కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని. వాగు పక్కన, లోయ అడుగున వద్దు, కాస్త ఎగువకు జరగండి. పైన ఎండుకొమ్మ వేలాడుతోందేమో చూడండి.

రాతి చరియ దొరికితే మంచిదే, ఎలుగుబంటి జాడ లేకపోతే. వెండిరంగు ఎమర్జెన్సీ దుప్పటి తోడుగా పనికొస్తుంది, ఒక్కటే చాలదు. చెట్లకు కట్టుకుని పడుకునే ఊయలలో వీపు కింద గాలి ఆడుతుంది, చలికాలానికి అది వద్దు.

ఇప్పుడు బరకంతోపాటు 25 కిలోల బియ్యం సంచులు రెండు, ఖాళీవి, మడిచి పెట్టుకుంటున్నాను. ఎండాకు కూరి మూతి కట్టి, ఒకటి భుజాల కింద, ఒకటి తుంటి కింద వేసుకుంటే ఎంత దొర్లినా ఆకు చెదరదు.