పర్లాకిమిడి షాపులో రైజెన్, దాన్ని చూసి కొన్న ఏఎండీ షేరు

2018 మే నెలలో విశాఖ వెళ్లి ఏఎండీ కంపెనీ రైజెన్ 3 2200జీ తెచ్చుకున్నాను. ప్రాసెసర్ ఒక్కటే ఎనిమిదిన్నర వేలు. పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. పొద్దున ఒడియాలో స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతాం, మధ్యాహ్నం నుంచి పాతపట్నం వైపు వాళ్ల తెలుగు శుభలేఖలు చేస్తాం. ఫోటోషాప్, పేజ్‌మేకర్, పదిహేను ట్యాబులతో బ్రౌజర్ రోజంతా తెరిచే ఉంటాయి. అంతకుముందు వాడిన రెండు కోర్ల (కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే భాగం) పెంటియం మీద పెద్ద ఫ్లెక్సీ సేవ్ చేయాలంటే కస్టమర్ ముందు నాకు టెన్షన్ పట్టుకునేది. నాలుగు కోర్లు వచ్చాక ఆ బాధ పోయింది.

అప్పట్లో పోటీకి ఇంటెల్ ఐ3 8100 ఉంది. అదీ నాలుగు కోర్లదే, మంచి చిప్పే. కానీ అది 117 డాలర్లకు వస్తే 2200జీ 99 డాలర్లకే వచ్చింది, పైగా దాని లోపలే ఉన్న వేగా 8 గ్రాఫిక్స్ ఐ3లో ఉన్నదాని కంటే చురుకైనది. నాకు విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే పని తప్పింది.

మొదటి ఏడాది ఒక తప్పు జరిగింది. అమ్మినవాళ్లు 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా పెట్టి ఇచ్చారు. ఈ చిప్‌లో గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే స్టిక్ అంటే డేటా రావడానికి ఒకే దారి. రెండోది జతచేశాక పెద్ద డిజైన్లు కదిపినప్పుడు ఆగి ఆగి రావడం తగ్గింది. గ్రాఫిక్స్ లోపలే ఉన్న ఏ చిప్ కొన్నా రెండు స్టిక్కులు అడిగి పెట్టించుకోండి.

ఆ అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. మా గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పు తెచ్చుకున్న చిన్న జనరేటర్ మీద ఈ మెషీన్, ఒక ప్రింటర్ నడిపి జనానికి నష్టపరిహారం దరఖాస్తులు రాసిచ్చాను. తక్కువ కరెంటు తినే 65 వాట్ల చిప్ విలువ నాకు ఆ వారంలో తెలిసింది.

2023లో అదే ఏ320 మదర్‌బోర్డులో బయోస్ (మెషీన్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600జీ పెట్టాను. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). బోర్డు, ర్యామ్ ఏవీ మార్చలేదు. ఈలోగా ఇంటెల్ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 1151 నుంచి 1200కి, అక్కడి నుంచి 1700కి మారింది. చిన్న షాపువాడికి బోర్డు ఖర్చు తప్పడం కంటే పెద్ద మేలు లేదు. ఈ విషయంలో ఏఎండీకి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను.

కానీ అన్నిటికీ వేయను. 2020 నవంబరులో రైజెన్ 5000 వచ్చినప్పుడు వాటిలో అన్నిటికంటే చవకైన 5600ఎక్స్ ధరే 299 డాలర్లు. వంద డాలర్ల కొనుగోలుదారుకి అప్పుడు ఆ తరంలో ఏమీ లేదు. ఏఎండీకి చిప్‌లు తయారుచేసే తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ దగ్గర దొరికే 7 నానోమీటర్ల (తయారీ పద్ధతి పేరు) వేఫర్ల (చిప్‌లు కోసే సిలికాన్ పలకలు) మీదే సర్వర్లకు వాడే ఎపిక్, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ చిప్‌లు కూడా తయారు కావాల్సి వచ్చింది. చోటు చాలనప్పుడు కింది ధరవాళ్ల వంతు ఆగిపోతుంది. 2018లో ఇంటెల్ కూడా ఇదే చేసింది. 14 నానోమీటర్ల ఫ్యాక్టరీలు సరిపోక సర్వర్ల జియాన్, ఖరీదైన కోర్ చిప్‌లకు ముందు చోటిస్తున్నామని, చవక రకాలకు ఇబ్బంది ఉంటుందని సెప్టెంబరులో చెప్పింది. 2022 జనవరిలో ఇంటెల్ ఐ3 12100 వచ్చాక గుణుపురంలో ఉన్న మా బావకి అదే కొనమన్నాను. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఇప్పటికీ బాగా నడుస్తోంది.

ఇక షేరు సంగతి. నా చిప్ ఇంత బాగుంది కదా అని 2021 డిసెంబరులో యాప్‌లో ఏఎండీ షేరు కొద్దిగా కొన్నాను, 140 డాలర్ల చిల్లరకి. 2022 అక్టోబరుకి అది 60 లోపుకి పడింది. పీసీల గిరాకీ పడిపోయి, సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో కంపెనీ పీసీ చిప్‌ల ఆదాయం అంతకుముందు ఏడాది కంటే 40 శాతం తగ్గింది. చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. అప్పుడు కూర్చుని లెక్కలు చదివాను. చవక చిప్‌లు లేక మా బోటి షాపులు ఇబ్బంది పడిన కాలంలోనే ఆ షేరు మూడింతలైంది. 2020 మొదట్లో అది 50 లోపు ఉండేది. షేరు ధర నడిచేది నా కౌంటర్ మీద ఉన్న చిప్‌తో కాదు. 2024లో కంపెనీ ఆదాయం 25.8 బిలియన్ డాలర్లయితే, అందులో 12.6 డేటా సెంటర్లదే.

పీఈ (షేరు ధర, షేరుకి వచ్చే లాభానికి ఎన్ని రెట్లో) చూసేవాళ్లు ఇంకోటి గమనించాలి. 2023లో షేరుకి లాభం అకౌంటింగ్ నియమాల లెక్కలో 0.53 డాలర్లు, కొన్ని ఖర్చులు పక్కనపెట్టి కంపెనీ చెప్పే ఇంకో లెక్కలో 2.65. ఆ ఏడాది చివర ధర 147 దగ్గర ఉంది. మొదటి లెక్కన పీఈ సుమారు 277, రెండో లెక్కన 55. తేడాలో ఎక్కువ భాగం 2022లో ఏఎండీ కొన్న జైలింక్స్ అనే చిప్ కంపెనీ ఖరీదుని ఏటా కొంత కొంత ఖర్చుగా రాయడం వల్ల వచ్చింది. ఆ ఖర్చు కోసం ఇప్పుడు చేతి నుంచి డబ్బు పోదు కాబట్టి 277 చూసి భయపడక్కర్లేదు. అలాగని 55 కూడా చవక కాదు. నేను అమ్మలేదు, కొత్తగా కొననూ లేదు.

పాత 2200జీ ఇప్పుడు ఇంట్లో పిల్లల దగ్గర ఉంది. విండోస్ 11 జాబితాలో దానికి చోటు లేదు, 10కి 2025 అక్టోబరుతో మద్దతు ఆగిపోయింది. లినక్స్ వేశాను, పిల్లల క్లాసులకి సరిపోతోంది. ఇది వాడేవాళ్లు ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ వైపు లాగే థర్మల్ పేస్ట్ రెండేళ్లకోసారి మార్చండి. మా దగ్గర మే నెల ఎండకి పేస్ట్ ఎండిపోయి ఫ్యాన్ మోత మొదలయ్యేది, మార్చిన రోజే తగ్గిపోయేది.