మార్చి 25న ఏథెన్స్: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి

ఏథెన్స్ అనగానే అందరి మనసూ ఆక్రొపోలిస్ కొండ మీదికే పోతుంది. మార్చి 25న ఆ కొండ గేట్లు మూసేస్తారు. అయినా సరే, వీలుంటే ఆ తేదీకే ఊళ్లో ఉండండి అని గట్టిగా చెబుతాను.

గ్రీకుల చరిత్రలో ఎన్నో పెద్ద ఘట్టాలు ఈ ఒక్క తేదీకే వచ్చాయి. 1821లో ఒట్టోమాన్ పాలన మీద తిరగబడ్డ రోజుగా జరుపుకునేది దీన్నే. నిజానికి కలమాటా పట్టణం రెండు రోజుల ముందే తిరుగుబాటుదారుల చేతికి వచ్చింది. కానీ మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండగ కూడా ఇదే రోజు. 1838లో గ్రీసు రాజు ఒట్టో దీన్ని జాతీయ పండగ చేశాడు. ఆయన బవేరియా రాజు కొడుకు. మేముండేది బవేరియా రాజధాని మ్యూనిక్‌లో కాబట్టి ఈ సంగతి నాకు మరీ ఆసక్తి. 1924లో రిపబ్లిక్‌ను ప్రకటించిందీ, 1932లో అజ్ఞాత సైనికుడి స్మారకాన్ని ఆవిష్కరించిందీ మార్చి 25నే.

ఆ స్మారకం సింటగ్మా చౌక్‌లో, పార్లమెంటు ముందే ఉంది. మిలటరీ పెరేడ్ సాగేది అక్కడే. ట్యాంకులు, నెత్తి మీదుగా దూసుకెళ్లే ఫైటర్ విమానాలు సరే, నా కళ్లు మాత్రం ఎవ్‌జోన్ల మీదే, అంటే ఆ స్మారకానికి కాపలా కాసే సైనికుల మీదే ఉండిపోయాయి. తెల్లటి గౌనుకు 400 కుచ్చులు, అంటే 400 ఏళ్ల పరాయి పాలనకు గుర్తు అంటారు. మేకులు కొట్టిన బరువైన చెప్పులు, ముందు నల్లటి ఊలు బంతులు. అందరూ ఒక్కసారే అడుగేస్తే ఆ చప్పుడు గుండెకు తగులుతుంది.

బస విషయంలో జాగ్రత్త. మేం దిగిన హోటల్ సింటగ్మాకు దగ్గరే, గది శుభ్రంగానే ఉంది. కానీ పెరేడ్ పూట రోడ్లు మూస్తారని, సింటగ్మా మెట్రో స్టేషన్ కూడా బంద్ అని రిసెప్షన్‌లో ఎవరూ ముందు చెప్పలేదు. పెట్టెలు లాక్కుంటూ అమ్మను నడిపించాల్సి వచ్చింది. పెద్దవాళ్లుంటే కుకాకి అనే పేట వైపు గది తీసుకోండి. ఆక్రొపోలిస్ మ్యూజియం నడిచి వెళ్లేంత దూరం, ఆ రోజు అందులో ప్రవేశం ఉచితం. పార్థెనాన్ గుడి శిల్పాలను అంత దగ్గరగా కొండ మీద కూడా చూడలేం.

ఆ రోజు ఎక్కడ చూసినా వేయించిన ఉప్పుచేప, పక్కన స్కోర్దాల్యా అనే ఘాటైన వెల్లుల్లి ముద్ద. ఈస్టర్ ముందు ఉపవాసాల కాలమైనా ఈ పండక్కి చేపకు మినహాయింపు ఉంది. శాకాహారులకూ ఇబ్బంది లేదు, 'నిస్టీసిమా' అని అడిగితే ఉపవాసపు వంటలు చూపిస్తారు. కాకపోతే రొయ్యలు, స్క్విడ్ కూడా అందులోకే వస్తాయి, విడిగా అడిగి తెలుసుకోవాలి. టమాటాలో వండిన పెద్ద చిక్కుడు గింజలు అమ్మకు బాగా నచ్చాయి.

మర్నాడు పానథినైకో స్టేడియానికి వెళ్లండి. 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ ఇక్కడే మొదలయ్యాయి. మన లెక్కలో అది ఏప్రిల్ 6, అప్పటి గ్రీసు క్యాలెండర్‌లో మాత్రం మార్చి 25! ఆడియో గైడ్ టికెట్‌లోనే కలిసి ఉంటుంది. అంతా పాలరాయే, నీడ లేదు, కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు.